ఎదురుసుడి

తాడు చుట్టడం మధ్యలో ఆపి జంపక్క కాగితాన్ని మళ్లీ దగ్గరికి లాక్కుంది. వరండా అంచున ఎండ పడే చోట దాన్ని పరిచి, చూపుడువేలును బొమ్మ మీద ఆనించి గీత వెంట మెల్లగా జరిపింది. వేలు బయటి నుంచి లోపలికి ఒక చుట్టు తిరిగి వచ్చి, నడిమధ్యకు చేరకముందే ఆగిపోయింది. మొదటికి పోయి మళ్లీ వచ్చింది. మళ్లీ అక్కడే ఆగింది.

“మేడం, గిది జర చూడున్రి” అంది.

రోజారాణి చూడలేదు. రికార్డు పుస్తకంలో స్కెచ్ పెన్నుతో హెడ్డింగులు రాస్తోంది. అక్షరం వంకర పోతే పేజీ చింపాలి, పేజీ చింపితే దానికి జోడైన పేజీ కూడా ఊడుతుంది. దుమ్ముగూడెం మండలంలో, గోదావరి ఒడ్డుకు రెండు కిలోమీటర్ల లోపల ఉన్న ఆ గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో ఆమె సైన్సు టీచరు. కాంట్రాక్టు టీచరు. ఆ నెల మెస్ ఇన్‌చార్జి కూడా ఆమే. కాంట్రాక్టు వాళ్లకు కాదనే నోరు ఉండదు గనుక అలాంటి బాధ్యతలన్నీ వాళ్లనే వెతుక్కుంటూ వస్తాయి.

ఎల్లుండి భద్రాచలంలో సైన్సు ప్రదర్శన. అది రెండు వేల తొమ్మిది. అంతర్జాతీయ ఖగోళ సంవత్సరం గనుక ఈసారి ప్రతి బడీ ఆకాశం గురించి ఏదో ఒకటి చేసి పట్టుకురావాలన్నారు. అందరూ థర్మోకోల్ బంతులతో సౌరకుటుంబమే తెస్తారని రోజారాణికి తెలుసు. అందుకే ఆమె గెలాక్సీ అనుకుంది. భద్రాచలం నెట్ సెంటరులో కూర్చుని, తెర మీద వరసగా వచ్చిన సర్పిలాకార గెలాక్సీల్లో కంటికి నచ్చినదాన్ని, పెళ్లిచూపుల్లో పిల్లను ఎంచినట్టు ముఖం చూసి ఎంచుకుంది. బొమ్మ ప్రింటు అయింది. దాని కింది ఇంగ్లీషు రాత ప్రింటు అయ్యేలోపు కరెంటు పోయింది. బొమ్మ చాలులే అనుకుని బస్సెక్కింది. పేరు ఎన్‌జీసీ 4622 అనీ, దూరం పదకొండు కోట్ల కాంతి సంవత్సరాలనీ మాత్రం అరచేతిలో పెన్నుతో రాసుకుంది.

దాన్ని మోడలుగా చేయడం జంపక్క వంతు. జంపక్క బడిలో వంటమనిషి, డైలీ వేజ్ మీద. అవతలి కోయగూడెం ఆమెది. వంట సంగతి ఎలా ఉన్నా, నార పేనడంలో ఆమె చేతికి ఆ చుట్టుపక్కల సాటి లేదని చెప్పుకుంటారు. అడవిలోంచి నులితడ మొక్క నార తెచ్చి వేలెడు లావు తాళ్లు పేనింది. నల్లరంగు పూసిన ప్లైవుడ్ చెక్క మీద మైదా గంజి పూసి, తాడు చుట్టి అంటించి, దాని మీద పత్తి పింజలు చిదిమి అద్దుతోంది. బయటి రెండు చేతులు అప్పటికే అయ్యాయి. చూస్తే నిజంగానే ఏదో మెరుస్తున్నట్టు ఉంది.

“ఏమైంది?” అంది రోజారాణి తల ఎత్తకుండా.

“బయటి తాళ్లు రెండు గిట్ల తిరిగినయ్. లోపట ఇంకో చిన్నది ఉన్నది. అది ఎదురు తిరిగింది. నిజంగ గట్లనే ఉన్నదా అది?”

“బొమ్మల ఎట్లుంటే అట్లనే పెట్టు జంపక్కా. నీ సొంతం ఏం కలపకు.”

“అది ఎదురు తిప్పు మేడం.”

“అవ్, అవ్. ఉన్నది ఉన్నట్టు పెట్టు.”

ఉన్నది ఉన్నట్టు అనడం తేలికే. ఆ మాట అన్నప్పుడు రోజారాణి కళ్లు స్కెచ్ పెన్ను మొన మీదే ఉన్నాయి.

జంపక్క తాడు కింద పెట్టింది. లేచి పంపు దగ్గరికి పోయి కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చింది. తాడు కొసను ఎడమచేతిలోకి మార్చుకుని, బొమ్మ వైపు ఒకసారి చూసి, చెక్క నడిమి చుట్టును బయటివాటికి ఎదురుగా చుట్టుకొచ్చింది. ఆమె చెయ్యి మార్చడం రోజారాణి గమనించింది. కుడిచెయ్యి నొప్పి పుట్టి ఉంటుందనుకుంది.

సాయంత్రం పిల్లలంతా మూగారు. తొమ్మిదో తరగతి లాలి ప్రదర్శనలో ఈ మోడలు గురించి చెప్పాలి. “మేడం, గోదారిల సుడి లెక్కనే ఉన్నది” అంది. రోజారాణికి ఆ మాట ఎంతో నచ్చి, దాన్నే మొదటి వాక్యంగా పెట్టుకోమంది. జంపక్క అప్పటికే ఇంటికి పోయింది.

మర్నాడు మంగళవారం, పన్నెండున్నర దాటినా వంటశాలలోంచి అన్నం వాసన రాలేదు. రోజారాణి పోయి చూసేసరికి జమ్లి అనే రెండో వంటమనిషి ఒక్కతే గుండిగతో కుస్తీ పడుతోంది. కట్టెలు పొగ చిమ్ముతున్నాయి. జంపక్క పొయ్యికి దూరంగా, గుమ్మం పక్కన కత్తిపీట వేసుకుని సొరకాయలు కోస్తోంది. రెండు వందల పది మందికి కావలసిన సొరకాయలు ఎప్పుడో అయిపోయినట్టున్నాయి, ముక్కలనే మళ్లీ చిన్న ముక్కలు చేస్తోంది.

వెనకాలే హెడ్మాస్టరు బాలకృష్ణ వచ్చాడు. సత్తుపల్లి వైపు మనిషి. గొంతు పెద్దదే గాని మనసులో ఏదీ నిలవ ఉంచుకోడని పేరు.

“ఏంటమ్మా, ఇంకా ఎసరే మరగలేదు? పిల్లలు పళ్లాలు పట్టుకుని నిలబడ్డారు.”

“నేనొక్కదాన్నే చేస్తున్న సార్” అంది జమ్లి. “జంపక్క పొయ్యి ముట్టదంట.”

“ముట్టదా? ఏం?”

జంపక్క కత్తిపీట మీంచి లేచి నిలబడింది. “మూడు దినాలు ముట్టొద్దు సార్. కూరగాయలు కోస్త, నీళ్లు మోస్త, బియ్యం ఏరుత. ఏ పనన్న చెప్పు, చేస్త. పొయ్యి మాత్రం ముట్టను.”

బాలకృష్ణ రోజారాణి వైపు తిరిగాడు. మూడు దినాలు అనే మాట వినగానే రోజారాణికి అంతా అర్థమైపోయినట్టు అనిపించింది. మొహం ఎర్రబడి, గొంతు తగ్గించి, “అది ఆడవాళ్ల సంగతి సార్” అంది. ఆయన వెంటనే దగ్గి, కిటికీ వైపు చూసి, “సరే సరే, ఏదో ఒకటి చూడండి” అని వెళ్లిపోయాడు. జంపక్క ఏదో చెప్పబోయి, మేడం ముఖం చూసి మానేసింది. రోజారాణికి తాను సమయానికి ఆదుకున్నానన్న తృప్తి కూడా కలిగింది.

పిల్లలు మూడింటికి తిన్నారు. గ్రహచారం ఏమంటే, రెండున్నరకు పైనుంచి ఒక ఆఫీసరు జీపు దిగాడు. ఖాళీ పళ్లాలతో వరసగా కూర్చున్న పిల్లల్ని చూసి, ఏమీ అనకుండా చిన్న పుస్తకంలో ఏదో రాసుకుని పోయాడు. ఏమన్నా అని ఉంటే బాలకృష్ణకు ఆ రాత్రి నిద్ర పట్టేది.

బుధవారం ప్రదర్శన. చెక్కను ఆటోలో అటు ఇటు ఇద్దరు పట్టుకోవాలి, దారిలో తాడు ఊడితే అంటించాలి గనుక జంపక్కను వెంట తీసుకుపోయారు. ఆమె మైదా గంజి డబ్బా ఒళ్లో పెట్టుకుని, పత్తి గాలికి లేవకుండా కొంగు అడ్డం పట్టి కూర్చుంది. భద్రాచలంలో ఒక కాలేజీ హాలు. రోజారాణి అనుకున్నట్టే పద్నాలుగు సౌరకుటుంబాలు వచ్చాయి. గెలాక్సీ ఒక్కటే. వచ్చినవాళ్లంతా దాని ముందే ఆగుతుంటే ఆమె కడుపు నిండినట్టయింది.

పదకొండింటికి జడ్జి వచ్చాడు. భౌతికశాస్త్రం లెక్చరరుగా రిటైరైన పెద్దాయన. చేతులు వెనక్కి కట్టుకుని, లాలి చెప్పినదంతా తల ఊపుతూ విన్నాడు. తర్వాత కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి చెక్క మీదికి వంగాడు.

“బాగుంది. చాలా అందంగా ఉంది. కాని తప్పు” అన్నాడు.

రోజారాణి చెక్క దగ్గరికి జరిగింది.

“చూడమ్మా, గెలాక్సీ తిరుగుతుంటే దాని చేతులు వెనక్కి ఈడుస్తాయి. నడిచే ఆడమనిషి కొంగు వెనక్కి ఎగురుతుంది గాని ముందుకు ఎగరదు కదా? మీ బయటి చేతులేమో ఇటు చుట్టారు. లోపలి చెయ్యేమో అటు చుట్టారు. ఇది కుడికి తిరిగినా, ఎడమకు తిరిగినా, రెంటిలో ఏదో ఒక కొంగు ముందుకు ఎగిరినట్టే. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అయితే ఎలా? ఇలాంటిది ఉండదు.”

“బొమ్మల గట్లనే...” అని లాలి మొదలుపెట్టింది. ఆయన చెయ్యి చాచితే రికార్డు తెరిచి చూపించింది. ఆయన కాగితాన్ని బారెడు దూరాన పట్టుకుని, “నడుమ అంతా తెల్లగా అలికేసినట్టుంది, ఇందులో ఏం తెలుస్తుంది?” అని తిరిగి ఇచ్చేశాడు. “ఎవరు చేశారు ఇది?”

ఆ ప్రశ్నకు జవాబు రోజారాణి ఆలోచించి చెప్పింది కాదు. నోరు దానంతట అదే చెప్పేసింది. “మా వంటావిడ చేసిందండీ. ఆమెకు తెలియక, ఆ నడుమది తిప్పి చుట్టేసింది. నేను చూసుకోలేదు. ఇప్పుడే సరిచేస్తానండీ.”

జంపక్క రెండడుగుల వెనక, గంజి డబ్బా పట్టుకుని నిలబడి ఉంది.

పదిహేను నిమిషాలు టైము ఇచ్చారు. రోజారాణి మోకాళ్ల మీద కూర్చుని లోపలి చుట్టను పీకింది. పత్తి ఊడి చీర నిండా అంటుకుంది. గంజి అప్పటికే బిగిసిపోయి, గోళ్లతో గీకితే నల్లరంగు పెచ్చులుగా లేచింది. బయటి చేతులు ఎటు తిరిగాయో లోపలిదాన్నీ అటే చుట్టి, అరచేతితో అదిమి, పత్తి పులిమింది. జంపక్క చెయ్యి పెట్టలేదు. పెట్టమని రోజారాణి అడగలేకపోయింది. ఆడలేక మద్దెల ఓడు అన్నవాళ్లు ఆ మద్దెలనే సాయం అడగడం కష్టం.

సాయంత్రం మొదటి బహుమతి ప్రకటించారు. తప్పును వెంటనే సరిదిద్దుకునే శాస్త్రీయ దృక్పథం అని జడ్జి మైకులో మెచ్చుకున్నాడు. వచ్చే నెల హైదరాబాదులో రాష్ట్ర ప్రదర్శన. లాలి ఎగిరి గంతేసింది.

తిరుగు ఆటోలో రోజారాణి జంపక్క ముఖంలోకి చూడకుండా కూర్చుంది. ఏదో అనాలి. పర్ణశాల రోడ్డు మీదికి వచ్చాక జంపక్కే అడిగింది.

“ఆ పెద్దసారు ఏమన్నడు మేడం? లోపట ఎదురు తిరిగేది లేదన్నడా?”

“లేదన్నడు.”

“అసలే లేదా? ఎక్కడా?”

“ఎక్కడా ఉండదంట.”

జంపక్క గట్టిగా ఊపిరి వదిలింది. “మంచిది” అంది. ఆమె ముఖం నిజంగానే తేటపడింది. గూడెం దారి దగ్గర ఆటో దిగి, మూడు రోజులుగా లేని హుషారుతో నడిచిపోయింది. రోజారాణికి ఏమీ అర్థం కాలేదు. నలుగురిలో మాట పడ్డ మనిషి మంచిది అంటుందేమిటి? వెక్కిరింపా? వెక్కిరింపులా లేదు. కోపమన్నా చేసుంటే ఈ రాత్రి తాను ఇంత గింజుకునేది కాదనిపించింది.

గురువారం పొద్దున ఐదింటికే జంపక్క వచ్చి పొయ్యి వెలిగించింది. ఎనిమిదింటికి ఉప్మా, పన్నెండింటికి అన్నం, పప్పు. ఒంటిగంటకు బాలకృష్ణ ఆమెను ఆఫీసు గదికి పిలిచి, రేపటి నుంచి రావద్దన్నాడు. ఆమె గూడెం దారి పట్టింది. తర్వాత రోజారాణిని పిలిచి ఒక కాగితం ముందుకు తోశాడు.

“ఆ ఆఫీసరు ఫోను చేశాడమ్మా. పిల్లలకు అన్నం ఎందుకు ఆలస్యమైందో, ఎవరి మీద ఏం చర్య తీసుకున్నారో సోమవారం లోపల రాసి పంపమన్నాడు. వంటమనిషి నిర్లక్ష్యం అని రాశాను. మెస్ ఇన్‌చార్జిగా మీరొక సంతకం పడేస్తే నా మీదికి రాదు, మీ మీదికి రాదు.”

“ఆమె మామూలుగ బాగనే చేస్తది కద సార్.”

“చేస్తుంది. కాదన్నానా? మరి ఎవరి పేరు రాయమంటారు? మీ పేరు రాయనా?”

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. హైదరాబాదుకు పంపాల్సిన వివరాల కోసం రేపు భద్రాచలం పోవాలనీ, వచ్చాక సంతకం చేస్తాననీ చెప్పి రోజారాణి కాగితాన్ని బ్యాగులో పెట్టుకుంది. ఆడవాళ్ల సంగతి అని తెలిసి కూడా నిర్లక్ష్యం అని ఎలా రాశాడా అని మనసులో గొణుక్కుంటూ వంటశాలకు పోయింది. జమ్లి గుండిగ తోముతోంది. ఆమెతో ఆ మాటే పైకి అంది.

జమ్లి బూడిద చేతులతోనే ఆగిపోయింది. “ఆడోళ్ల సంగతేంది మేడం? గదేం కాదు. నీ తాడు సంగతి.”

“నా తాడా?”

“వాళ్ల గూడెంల తాడు చుట్ట పెడితే ఒక్కటే తిప్పు. మా తండాల గట్ల ఏం లేదు, వాళ్లకు ఉన్నది. ఎదురు తిప్పు పాడె కట్టే తాడుకే చుడుతరు. చావు లేకుండ ఎదురు చుట్టిన చెయ్యి మూడు దినాలు పొయ్యి ముట్టొద్దు. ముడితే ఆ చావు ఇంట్లకొస్తదంట. సోమవారం నీ చెక్క మీద చుట్టి వచ్చి నాతోని చెప్పింది. మేడం ఉన్నది ఉన్నట్టు పెట్టమన్నది, పెట్టిన, ఇగ మూడు దినాలు నువ్వే చూడాలె జమ్లీ అన్నది.”

“నాతోని ఎందుకు చెప్పలే?”

“చెప్పింది కద. ఎదురు తిప్పు అని నీకు చెప్పిన అన్నది.”

రోజారాణికి సోమవారం నాటి వరండా గుర్తొచ్చింది. చెప్పింది. రెండుసార్లు చెప్పింది. తాను అవ్, అవ్ అంది.

శుక్రవారం నెట్ సెంటరులో ఆమె వంతు పదింటికి వచ్చింది. ఎన్‌జీసీ 4622 అని కొట్టింది. అదే బొమ్మ. ఈసారి కరెంటు ఉంది. బొమ్మ తెర నిండా పరుచుకున్నాక నడుమ తెల్లటి అలుకు విడిపోయి, అందులో సన్నగా ఒక చెయ్యి కనిపించింది. రోజారాణి తెర మీద వేలు పెట్టి గీత వెంట జరిపింది. బయటి చేతులు ఇటు. లోపలి చెయ్యి అటు. కళ్లు నులుముకుని మళ్లీ జరిపింది.

కింద ఇంగ్లీషు రాత. అర్థమైనంత అర్థం చేసుకుంటూ, కానిది మళ్లీ చదువుతూ గంట కూర్చుంది. సెంటారస్ అనే తారల గుంపు వైపు ఉంటుందట. బయట రెండు చేతులు, లోపల ఒకటి. ఒకదానికొకటి ఎదురు. ఇది ఏ వైపు తిరిగినా ఏదో ఒకటి ముందుకు సాగక తప్పదు. ఆ పెద్దాయన అసంభవమన్న మాటే అక్కడ అక్షరాలా రాసి ఉంది, అసంభవం అన్నది తప్ప. దాని దుమ్ము ఏ పక్కన వెలుతురుకు అడ్డం పడుతోందో చూసి ఏ అంచు మనకు దగ్గరో పట్టుకున్నారు. ఏ పక్క మన వైపు వస్తోందో, ఏ పక్క దూరం పోతోందో వెలుతురును కొలిచి తేల్చారు. తేలిందేమంటే బయటి చేతులే ముందుకు పోతున్నాయి. కొంగు ముందుకు ఎగురుతోంది. ఆ సంగతి చెప్పినప్పుడు మొదట తోటి శాస్త్రవేత్తలే నమ్మలేదట. ఎందుకలా అంటే, ఎప్పుడో ఒక చిన్న గెలాక్సీ దీన్లో పడి కలిసిపోయి ఉండవచ్చని ఊహ.

రోజారాణి టీ గ్లాసును బల్ల మీద కుడికి తిప్పింది, ఎడమకు తిప్పింది. తల కూడా దాంతో పాటు తిరిగింది. బహుమతి వచ్చింది తప్పుకు. పీకి పారేసింది ఒప్పును. పీకింది తన చేతులే. తెలియక చేసిందని చెప్పింది ఎవరి గురించి, తెలియనిది ఎవరికి? సంతోషించాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు. ఒకటి మాత్రం తోచింది, ఈ కబురు ముందు జంపక్కకు చెప్పాలి. నువ్వు చేసిందే నిజం అని చెప్తే ఆమె కష్టం సగం తీరుతుంది, రేపటి నుంచి పనికి రమ్మంటే మిగతా సగం తీరుతుంది. ఈసారి రెండు పేజీలూ ప్రింటు తీయించుకుని బస్సెక్కింది.

గూడెం చేరేసరికి మూడు దాటింది. ఇంటి ముందర మట్టిపొయ్యి మీద జొన్న జావ కాగుతోంది. జంపక్క కర్రతో కలుపుతోంది. ఆమె మామ ముసలయ్య చూరు నీడలో కూర్చుని బుట్ట అల్లుతున్నాడు. టీచరమ్మ రావడం చూసి జంపక్క తడబడి, మంచం వాల్చి, చెంబుతో నీళ్లిచ్చింది.

రోజారాణి నీళ్లు తాగకుండానే కాగితాలు తీసింది. “జంపక్కా, నువ్వు చుట్టిందే నిజం. పెద్దసారు చెప్పింది తప్పు, నేను చేసింది తప్పు. లోపలిది ఎదురే తిరిగి ఉన్నది. చూడు, గీడ రాసిండ్రు. నిజంగనే ఉన్నది అది.”

చెప్పి, ఆ ముఖంలో వెలుగు కోసం చూసింది.

జంపక్క చేతిలో కర్ర ఆగింది. “ఉన్నదా?” అంది.

“ఉన్నది.”

“ఆ సారు లేదన్నడు కద. నువ్వు కూడ లేదన్నవు. ఎక్కడా లేదన్నవు.”

“అప్పుడు తెల్వక అన్నం. ఉన్నది.”

జంపక్క వంగి, పొయ్యిలోంచి మండుతున్న కట్టెలు ఒక్కొక్కటే బయటికి లాగింది. లాగి, రోజారాణికి ఇచ్చిన చెంబులోని నీళ్లే వాటి మీద చల్లింది. జావ ఇంకా ఉడకలేదు. కుండ అలాగే వదిలి, పొయ్యికి నాలుగడుగుల దూరం పోయి నిలబడింది.

“లేనిదాన్ని చుట్టిన, ఇగ తప్పు లేదు అనుకున్న” అంది. “బుధారం రాత్రే ఇంట్ల పొయ్యి ముట్టిచ్చిన. నిన్న బళ్లె ముట్టిచ్చిన. గంత మంది ఆడపిల్లలు తిన్నరు.”

ఆటోలో ఆ మంచిది అన్న మాట రోజారాణికి ఇప్పుడు అర్థమైంది. తాను ఒక ఒప్పు పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చి ఈ మనిషి నెమ్మదిని లాక్కుంది. కాగితాలు చేతిలో బరువుగా అనిపించాయి.

ముసలయ్య కోయలో ఏదో అడిగాడు. జంపక్క కోయలోనే చాలాసేపు చెప్పింది. చేత్తో గాలిలో చుట్టి చూపించింది, ఇటు ఒకసారి, అటు ఒకసారి. ముసలాయన బుట్ట పక్కన పెట్టి, ఆ చుట్టును తానూ వేలితో ఒకసారి వేసి చూసుకున్నాడు. ఒకే ఒక్క మాట అడిగాడు.

“ఏమంటున్నడు?” అంది రోజారాణి.

“అంత పెద్ద తాడు ఎదురు చుట్టి ఉన్నదంటే, అక్కడ ఎవరు పోయిండ్రు అంటున్నడు.”

నవ్వు రావలసిన మాట. రోజారాణికి రాలేదు. రెండో పేజీ చివరి వాక్యం కళ్లకు కట్టింది. “చిన్నదొకటి ఉండేనంట” అంది మెల్లగా. “గిసొంటిదే, చిన్నది. వచ్చి దీంట్ల పడి కలిసిపోయి ఉండొచ్చని అనుకుంటున్నరు. ఖాయంగ తెల్వదు జంపక్కా. నాకైతే అసలు తెల్వదు.”

జంపక్క ఆ మాట మామకు చెప్పింది. ఆయన తల ఊపాడు. అదే కదా అన్నట్టు ఊపి, మళ్లీ బుట్ట అందుకున్నాడు.

“తెల్వదన్న గా మాట ఆడ ఆ సారు ముందట అంటే అయిపోయేది కద మేడం” అంది జంపక్క. గొంతులో కోపం లేదు. “ఎవరు చేసిండ్రని ఆయన అడిగినప్పుడు, తప్పో ఒప్పో నాకు తెల్వదు సార్, చూసి చెప్త అంటే అయిపోయేది. నాకు తెల్వదని నువ్వెట్ల చెప్పినవ్?”

రోజారాణి ఏడ్చింది. ఏడుస్తూనే, నన్ను ఇప్పుడు ఓదార్చాల్సిన పని కూడా ఈమె మీదే పడుతుందేమో అని సిగ్గుపడింది. జంపక్క ఓదార్చలేదు. ఏడుపు ఆగేదాకా నిలబడి, “మల్ల మూడు దినాలు నేను ముట్టను” అంది. “నువ్వు రమ్మన్నా రాను. ఉద్యోగం పోతే పాయె.”

బ్యాగులో బాలకృష్ణ ఇచ్చిన కాగితం ఉంది. రోజారాణి దాన్ని తీసి, వెనక్కి తిప్పి, మంచం పట్టె మీద ఆనించి రాసింది. మంగళవారం అన్నం ఆలస్యానికి కారణం తానేనని. వంటకు సంబంధం లేని పని జంపక్కకు తాను అప్పజెప్పాననీ, ఆమె చెప్పిన మాట వినలేదనీ. ఆ పని వల్ల వారి ఆచారం ప్రకారం ఆమె సోమవారం దాకా పొయ్యి ముట్టరాదు గనుక అప్పటిదాకా వంట తాను చూసుకుంటాననీ. మోడలులో జంపక్క చేసిందే సరైనదనీ, బహుమతి పొందినది తప్పనీ, ఆ సంగతి ప్రదర్శన వారికి తెలియజేయాలనీ. కింద సంతకం చేసి, రాసినదంతా జంపక్కకు చదివి వినిపించింది. జంపక్క రెండు చోట్ల ఆపి మళ్లీ చదివించుకుంది.

శనివారం పొద్దున ఐదున్నరకు వంటశాలలో రోజారాణి, జమ్లి ఉన్నారు. మణుగూరు బొగ్గుగనుల క్వార్టర్లో పెరిగి, గ్యాసు పొయ్యి మీద వంట నేర్చుకున్న చేతులకు కట్టెల పొయ్యి లొంగలేదు. ఊదితే పొగ, ఊదకపోతే ఆరిపోవడం. జమ్లి మూడుసార్లు నవ్వి, నాలుగోసారి జాలిపడి కట్టెలు ఎలా పేర్చాలో చూపించింది. ఏడింటికి గుండిగలో ఎసరు కళపెళమంది. బియ్యం పోస్తుంటే బాలకృష్ణ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో ఆమె రాసిన కాగితం ఉంది.

“ఇది పంపితే హైదరాబాదు అవకాశం పోతుంది, తెలుసా?”

“తెలుసు సార్.”

“వచ్చే ఏడు మీ కాంట్రాక్టు సంగతి నేను చెప్పలేను.”

“తెలుసు సార్.”

“లాలికి ఏం చెప్తారు?”

“రాత్రే చెప్పిన. ఏడ్చింది. బొమ్మ ఇచ్చి చూడమన్న. ఇంకా చూస్తున్నది.”

ఆయన కాగితాన్ని ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పాడు. కోపం తెచ్చుకోవాలని ఉంది గాని దేనిమీద తెచ్చుకోవాలో దొరకడం లేదు. “అసలు ఏంటమ్మా ఇది? పదకొండు కోట్ల ఏళ్ల కింద బయల్దేరిన వెలుతురు. అక్కడ లోపలి చెయ్యి ఇటు తిరిగిందో అటు తిరిగిందో మన బళ్లో ఎవరు చూసొచ్చారు?”

రోజారాణి కొంగుతో కళ్లు తుడుచుకుంది. పొగ.

“జంపక్క చూసింది సార్. బొమ్మను ఎండల పెట్టుకుని, వేలు పెట్టి చూసింది. నేను చూడలే, ఆ లెక్చరర్ గారు చూడలే. ఆమె ఒక్కతే చూసింది.”

పిల్లలు పళ్లాలు కడిగే చప్పుడు పంపు దగ్గర మొదలైంది. బాలకృష్ణ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

“సోమవారం వస్తుందా ఆమె?”

“మంగళారం పొద్దుగాల ఐదింటికి వస్తది సార్” అంది జమ్లి, మూడు దినాలను వేళ్ల మీద లెక్కపెట్టి. అన్నం పొంగుతోంది. రోజారాణి మూత లాగబోయి చెయ్యి కాల్చుకుంది.